అచ్చియ్యమ్మ గుమ్మానికి వేపాకు

అనగనగనగా, సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో అచ్చియ్యమ్మ అని ఒక అత్తగారు ఉండేదిట. ఊ కొట్టండర్రా, లేకపోతే నేనే నిద్రపోతాను.

ఆవిడకి అరిచేతుల్లోనూ అరికాళ్ళల్లోనూ చీము పొక్కులు. లేచేవి, ఎండేవి, తోలు ఊడేది, హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ లేచేవి. అన్నం కలుపుకుంటే మంట, అడుగు వేస్తే మంట. ఇంట్లోవాళ్ళు ఏమనుకున్నారు? అమ్మవారు పోసిందనుకున్నారు! ఆవిణ్ణి వెనక గదిలో పెట్టి గుమ్మానికి వేపాకు కట్టారు. మందు వెయ్యకూడదు, ఎవరూ ముట్టుకోకూడదు. పొక్కులెండితే ఆకు తీసేవారు, లేస్తే కట్టేవారు. తీసేవారు, కట్టేవారు. అలా పన్నెండేళ్ళు! ఎంత తెలివైనవాళ్ళో చూడండి.

అంతలో కోడలు వరహాలుకి కొడుకు పుట్టాడు. అచ్చియ్యమ్మ గదిలోంచి పిల్లాడి ఏడుపు వినడమే గానీ, ఒక్కసారీ ఎత్తుకోలేదు; ఆకు తీసిన రోజుల్లోనూ భయపడి ఇచ్చేవారు కాదు. "ఎవరి పోలికే?" అని గోడవతలనుంచి అడిగేదిట. పాపం!

వరహాలు ఆలోచించింది. అమ్మవారైతే ఒకసారి పోసి వెళ్ళిపోతుంది, పక్కవాళ్ళకీ పోస్తుంది. పన్నెండేళ్ళుగా ఈవిణ్ణొక్కదాన్నే పట్టుకుని కూర్చుంటుందా? వైద్యుణ్ణి పిలుద్దామంది. అమ్మో, అమ్మవారికి కోపం వస్తుందన్నాడు మొగుడు. వస్తే నామీదే రానీ అని, వేపాకు పక్కకి నెట్టి లోపలికెళ్ళి అత్త చెయ్యి పట్టుకుంది.

ఊ కొడుతున్నారా? ఆఁ. నెల తిరిగినా వరహాలు చేతికి ఏమీ కాలేదు. అప్పుడు మొగుడే వెళ్ళి వైద్యుణ్ణి తెచ్చాడు. ఆయన చూసి, ఇది అంటదు, ఎవరి పాపమూ కాదు, మొండి రోగం, వస్తూ పోతూ ఉంటుంది, రాత్రిళ్ళు ఈ లేపనం రాసి గుడ్డ చుట్టండి అన్నాడు. ఇంకొకటి, చుట్ట మానెయ్యాలన్నాడు. అంతే! ఆవిడేమో చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చే మనిషి. చేతులైనా కోసుకుపొండి గానీ చుట్ట మాత్రం మానమనకండి అని అటు తిరిగి పడుకుంది.

వరహాలు పిల్లాణ్ణి తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టి, ఎసట్లో బియ్యం పొయ్యాలంటూ వంటింట్లోకి పోయింది. వాడు బోసినోటితో నవ్వాడు. ఆవిడ ఏడ్చింది. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది, చుట్టకి చెయ్యి ఖాళీ అవలేదు. మర్నాడూ అంతే.

పొక్కులు పూర్తిగా పోలేదర్రా, అబద్ధం ఎందుకు? ఏడాదికి ఒకటి రెండుసార్లు లేచేవి. మందు రాసుకుని, గుడ్డ చుట్టుకుని, ఆ చేతుల్తోనే మనవణ్ణి ఎత్తుకుని వీధంతా తిరిగేది. జబ్బు మనిషికి మందొక్కటే చాలదు, చెయ్యి పట్టుకునే మనిషీ కావాలి. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి.