చుక్క కారని బస్సు

దాలయ్య మేస్త్రికి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా నోటితో జవాబు చెప్పడు. చేతిలో స్పానరు పెట్టి ఒక పని చెప్తాడు. ఆ పనిలో జవాబు దొరికితే దొరికినట్టు. దొరక్కపోతే మళ్ళీ అడగాలి, మళ్ళీ స్పానరే. సాలూరులో, ఘాటీ ఎక్కే రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆయనది.

ఆ రోజు పొద్దున్న అడిగినవాడు అసిరినాయుడు. పద్దెనిమిదేళ్ళుగా ఆయన దగ్గరే పనిచేస్తున్న పెద్ద శిష్యుడు. గట్టిగా మాట్లాడినా ఎవరికైనా నొప్పెడుతుందేమో అన్నట్టు మాట్లాడే మనిషి. ఆ పొద్దు మాత్రం టీ గ్లాసు ఠపీమని బల్ల మీద పెట్టాడు.

"గురువుగోరూ, నాకు కోపం రాదని ఊరంతా అంటాది గదా. మరి నిన్న సందేల నా కూతుర్ని అలాగ కొట్టిందెవులు?"

దాలయ్య బీడీ ముట్టించుకున్నాడు.

అసిరి కూతురు పైడి. ఆరేళ్ళది. నాన్నకి నీళ్ళు తెస్తూ చెంబు వదిలేసింది. అది అతని కాలి మీద పడింది. అంతే. చెంప మీద ఐదు వేళ్ళూ తేలాయి. పిల్ల ఏడవలేదు, అదే అతన్ని ఎక్కువ కాల్చింది. పొద్దున్న అతను షెడ్డుకి బయల్దేరుతుంటే రోజూ చెప్పులు తెచ్చి పెట్టే పిల్ల, బియ్యం డబ్బా వెనకాల నక్కి కూర్చుంది. పిలిస్తే ఇంకా లోపలికి జరిగింది.

కోపమెక్కడిదో అసిరికి తెలియక కాదు. నాలుగు నెలల కింద లారీ ఓనరు జగ్గారావు ఇదే షెడ్డులో, ఇరవై మంది ముందు, "కొత్త బేరింగని చెప్పి పాతది బిగించినావు, దొంగెదవా" అని అతని చొక్కా పట్టుకున్నాడు. మర్నాడు చక్రం విప్పి చూస్తే ఉన్నది కొత్తదే. జగ్గారావు చూశాడు. తప్పయిందని ఒక్క మాట అనలేదు. వారం తిరక్కుండా ఇంకో లారీ తెచ్చి, "ఏరా అసిరీ, బాగున్నావా" అని భుజం తట్టాడు. అసిరి నవ్వాడు. బాగున్నానన్నాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ అన్నం గొంతు దిగదు. జగ్గారావు మీద కంటే, నవ్విన తన మూతి మీదే అతనికి ఎక్కువ మంట.

"మింగీసినానండి ఆ కోపం. అయిపోనాదనుకున్నాను. ఏదీ, ఎక్కడ దాక్కున్నాది ఇన్నాళ్ళూ?"

దాలయ్య పొగ వదిలాడు. సరిగ్గా అప్పుడే రోడ్డు మీంచి ఒక బస్సు షెడ్డులోకి తిరిగింది.

మామూలు బస్సు కాదది, ఇల్లు. జాతరల్లో రంగులరాట్నం వేసే వీర్రాజుది, గోదావరి వైపు మనిషి. పాత బస్సు కొని సీట్లు పీకేసి మంచాలు, గ్యాసు పొయ్యి, బట్టల తాడు, గోడకి దేవుడి పటాలు, అన్నీ పెట్టాడు. పన్నెండు మంది అందులోనే తింటారు, అందులోనే పడుకుంటారు. ఘాటీ అవతల జాతర ఉంది. మధ్యాహ్నానికల్లా కొండెక్కి, దిగాలి.

బస్సు ఆగీ ఆగకముందే వీర్రాజు అరుపు మొదలైంది.

"చూడండి మేస్త్రిగారూ! ఆరు నెల్లుగా చస్తున్నానండి దీంతో! రేడియేటర్లో రోజూ నీళ్ళు తగ్గిపోతాయండి, ఆ ఆకుపచ్చ కూలెంటు వారానికో లీటరు పోస్తున్నాం. రేడియేటరు మార్పించాను, గొట్టాలు మార్పించాను. కింద చుక్క కారదు! అన్నిటికీ ఈ లోవరాజుగాడేనండి. పొయ్యకుండానే పోశానంటాడు!"

లోవరాజు ఆ బస్సు డ్రైవరు. యాభై దాటినవాడు. తలొంచుకుని గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. చేతులు ఎప్పుడో శుభ్రమయ్యాయి, ఇంకా తుడుస్తూనే ఉన్నాడు. అసిరి ఆ చేతులకేసి చూసి చటుక్కున తల తిప్పుకున్నాడు.

"ఇంకేటి తేడా?" అన్నాడు దాలయ్య, లోవరాజుతో.

లోవరాజు ఓనరు వైపు చూసి, మెల్లిగా అన్నాడు. "బ్రేకండి. నాలుగైదుసార్లు తొక్కితే గాలి మీటర్లో ముల్లు పడిపోతందండి."

"నీళ్ళ గురించి అడుగుతుంటే బ్రేకు గోలేంట్రా నీకు!" అని కసిరాడు వీర్రాజు.

దాలయ్య అసిరి చేతికి స్పానరిచ్చాడు. "నీళ్ళెక్కడికి పోతన్నాయో సూడు."

అసిరికి ఒళ్ళు మండింది. తన కడుపు మండి అడిగితే ఈయన నీళ్ళ సంగతి చూడమంటాడు. ఐనా వెళ్ళాడు. బస్సు కింద పొడి అట్టలు పరిచి, ఇంజను నడిపించి, అరగంట ఆగాడు. అట్టలు ఎండుగానే ఉన్నాయి. పొగలో తెల్లదనం లేదు. ఇంజనాయిలు పుల్ల తీసి చూశాడు, ఆయిలు నల్లగా, ఉండాల్సినట్టే ఉంది. కారలేదు, ఆవిరి కాలేదు, ఆయిల్లో కలవలేదు. మరి?

"ఏం దొరకదండీ, వీడు తాగేస్తున్నాడేమో!" అని వెనకాల వీర్రాజు నవ్వాడు. ఎవరూ నవ్వలేదు.

"గాలి ట్యాంకులో నీళ్ళు రోజూ దింపుతన్నావా?" అని దాలయ్య లోవరాజుని అడిగాడు.

ఈ పెద్ద బళ్ళకి బ్రేకు పట్టేది గాలితో. కంప్రెసరు గాలిని కుక్కి ట్యాంకుల్లో నింపుతుంది. ఆ గాలిలో చెమ్మ ఉంటుంది కాబట్టి, ట్యాంకు కింద ఉండే తీగని డ్రైవరు రోజూ పొద్దున్న ఒకసారి లాగాలి. బుస్సుమని పెద్ద చప్పుడుతో ఉన్న నీళ్ళు పోతాయి. బడి గడప తొక్కని డ్రైవరు సైతం ఆ పని మాత్రం మానడు.

లోవరాజు మళ్ళీ ఓనరు వైపు చూశాడు. కిటికీలోంచి వీర్రాజు పెళ్ళాం సత్యవతి చెప్పింది. "మేమే వద్దన్నామండి. రాత్రి ఆట ముగిసి పడుకునేసరికి రెండవుద్ది. తెల్లారకుండా ఆ బుస్సుమన్న చప్పుడుకి మనవరాలు ఉలిక్కిపడి లేచి ఏడుస్తందండి. ఈయన లోవరాజుని నానా మాటలూ అన్నారు. అప్పట్నించి మానేశాడు."

"మరేం చెయ్యనండీ? పసిపిల్ల నిద్ర పాడవ్వాలా? గాలేగా, లోపలుంటే ఏమవుద్దండి?" అన్నాడు వీర్రాజు.

దాలయ్య అసిరి వైపు తిరిగాడు. "తీగ లాగు. ముకం పక్కకెట్టు. ఎదర ఎవులున్నారో ముందు సూసుకో."

అసిరి వంగి చూశాడు. ట్యాంకు బిరడాకి సరిగ్గా ఎదురుగా ఆ మనవరాలే నిలబడి ఉంది. రెండేళ్ళది, ఒంటి మీద ఒక్క లాగు, చేతిలో సగం కొరికిన బిస్కెట్టు. అసిరి దాన్ని ఎత్తుకున్నాడు. పిల్ల బెదరలేదు. అతని మీసం పట్టుకుని లాగింది. దాన్ని తీసుకెళ్ళి సత్యవతి చేతికిచ్చి, వెనక్కొచ్చి, మొహం తిప్పుకుని తీగ లాగాడు.

ఎన్నాళ్ళనుంచో పట్టి ఉంచిన గొంతు ఒక్కసారి తెరుచుకున్నట్టు బుస్సుమంది. పిల్ల ఏడుపందుకుంది. గాలి వెనకే నీళ్ళు వచ్చాయి. చెమ్మ నీళ్ళు ఒక గరిటెడు ఉంటాయి, ఇవి బకెట్టు నిండినా ఆగలేదు. ఆకుపచ్చగా, ఆయిలు తేలుతూ, తియ్యటి వాసన. ఆరు నెలలుగా ఎక్కడికి పోయిందో తెలియని కూలెంటు.

అసిరి కంప్రెసరు గొట్టం విప్పాడు. లోపల పచ్చటి తడి. కంప్రెసరు వేడెక్కకుండా దాని చుట్టూ ఇంజను నీళ్ళే తిరుగుతాయి. నీటికీ గాలికీ మధ్య ఉన్నది పల్చటి ప్యాకింగు ఒక్కటే. పైనున్న హెడ్డు మూత విప్పితే, గోరంత మేర ఆ ప్యాకింగు కొరుక్కుపోయి ఉంది. నీళ్ళు బయటికి దారి లేక లోపల్లోపలే వెళ్ళి, ఎవరూ చూడని చోట, బ్రేకుల్లో కూర్చున్నాయి.

"ఈ బండితో కొండ దిగుంటే?" అంది సత్యవతి. పన్నెండు మందికీ అర్థమైంది.

లోవరాజు చేతిలో గుడ్డ నేలకేసి కొట్టాడు. "ఆర్నెల్లండి! ఆర్నెల్లు నన్ను దొంగని చేశారండి! పోశానంటే నమ్మలేదు, బ్రేకంటే నోర్మూసుకోమన్నారు! పొద్దున్నే లాగే తీగని కూడా లాగనివ్వలేదండి మీరు!"

వీర్రాజు నేలకేసి చూస్తూ, "పొరపాటైపోయింది లోవరాజూ" అన్నాడు. పిల్ల ఇంకా ఏడుస్తూనే ఉంది. సత్యవతి ఊరుకోబెట్టలేదు.

"రోజూ లాగితే సరిపోద్దాండీ మేస్త్రిగారూ?" అన్నాడు వీర్రాజు, చాలా చిన్న గొంతుతో.

"లాగుంటే మొదటి రోజే తెలిసుండును. ప్యాకింగు మార్చాలి. బ్రేకుల్లో రబ్బర్లూ ఉబ్బిపోనాయి, అవీ మార్చాలి. రెండు రోజులు కదలొద్దు."

ఆ బస్సు ఆ మధ్యాహ్నం కొండెక్కలేదు. షెడ్డు ముందే పొయ్యి వెలిగించుకున్నారు. అసిరి సాయంత్రం దాకా పనిచేసి, చేతులు కడుక్కుని, చొక్కా దులుపుకుంటూ వచ్చి గురువు ముందు నిలబడ్డాడు. స్పానరు చేతిలోనే ఉంది.

"నాను పొద్దున్న అడిగిందానికి మీరు జవాబు సెప్పలేదండి."

దాలయ్య పచ్చనీళ్ళున్న బకెట్టుకేసి చూశాడు. ఆ తర్వాత రోడ్డుకేసి చూశాడు.

"ఒరే, నువ్వు ఇంటికెల్లే దారిలో జగ్గారావు లారీ ఆఫీసు ముందొస్తాదా, నీ ఇల్లు ముందొస్తాదా?"

అసిరి దవడ బిగుసుకుంది. ఈసారి నవ్వలేదు.

"ఆఫీసేనండి ముందు."

"అయితే స్పానరు ఇక్కడెట్టీసి ఎల్లు. నోరు సాలు."