మంచుకొండ నీళ్లలోకి దిగిన రోజు

ఒకప్పుడు ఉత్తరాన చలి సముద్రంలో మంచుకొండలు అసలు మునిగేవే కావు. మజ్జిగ మీద వెన్నముద్దల్లా మొత్తం నీళ్లపైనే తేలేవి. కింద అంచు ఒక్కటి అంటీ అంటనట్టు తడిసేది, అంతే.

చూడ్డానికి బాగుండేవి గానీ వాటి బతుకు నాలుగు రోజులే. ఉత్తరగాలి వచ్చి ఒక్క తోపు తోసేది. కొండ జర్రున జారుకుంటూ దక్షిణాన వేడినీళ్ల దాకా పోయేది. అక్కడ ఎండకి కరిగి, ఆనవాలు లేకుండా పోయేది.

వాటిల్లో తళుకు అనే కొండ అన్నిటికంటే పొడుగు. పొద్దున ఎండలో నీలంగా, సాయంత్రం గులాబీ రంగులో మెరిసేది. సముద్రపు పిట్టలు పనిగట్టుకుని వచ్చి చూసేవి. "నీ అంత ఎత్తు ఇంకెవరూ లేరు" అనేవి. తళుకు "ఏదో మీ అభిమానం" అంటూనే ఇంకాస్త నిటారుగా నిలబడేది.

ఒకరోజు మీసాలమ్మ అనే సీలు దాని దగ్గరికి ఈదుకుంటూ వచ్చింది. సీలంటే చేపలా ఈదే, పిల్లిలా మీసాలుండే జంతువు. అప్పుడామె నిండు చూలాలు.

"తమ్ముడూ, పిల్లను కనాలి. కాస్త చోటిస్తావా?"

"దానికేం అక్కా, ఎక్కు" అంటూ తళుకు వాలుగా ఉన్న పక్కను చూపించింది.

మర్నాడే తెల్లటి బొచ్చుతో బుజ్జి పిల్ల పుట్టింది. దానికి బుడగ అని పేరు పెట్టుకున్నారు. ఆ జాతి పిల్లలకు పుట్టగానే ఈత రాదు. కొన్నాళ్లు మంచు మీదే పాలు తాగి, బలం పుంజుకున్నాకే నీళ్లలోకి దిగాలి.

మూడో రోజు ఉత్తరగాలి లేచింది.

"గాలన్నా, కొంచెం నెమ్మది. నా మీద పసిబిడ్డ ఉంది" అంది తళుకు.

"ఆగితే నేను గాలినెలా అవుతానురా? ఎదురుగా ఏది నిలబడితే దాన్ని తోయడమే నాకొచ్చిన పని" అంటూ గాలి తోసుకుపోయింది.

మధ్యాహ్నానికల్లా చుట్టూ నీళ్లు గోరువెచ్చబడ్డాయి. తళుకు అంచుల నుంచి బొట్లు కారసాగాయి. మీసాలమ్మ బిడ్డను పొట్ట కిందికి లాక్కుంది. "ఇది కరిగేలోగా నీకు ఈత ఎలా నేర్పనే తల్లీ" అని ఏడ్చింది.

తళుకు భయంభయంగా సముద్రాన్ని పిలిచింది. "తాతా, నన్ను పట్టుకో."

"ఎక్కడని పట్టుకోనురా? నువ్వేమో నా నెత్తి మీద కూర్చున్నావు" అన్నాడు సముద్రం తాత. "నా చేతులు కింద ఉన్నాయి. లోపల చల్లటి నీళ్లు ఉత్తరానికే పోతున్నాయి. దిగావంటే తీసుకుపోతాను."

తళుకు కిందికి చూసింది. అంతా చీకటి. దిగితే ఆ నీలం, ఆ గులాబీ ఎవరికీ కనబడవు. పిట్టలు ఇక వస్తాయో రావో. పైన బుడగ ఆకలితో కుయ్యిమంది.

తళుకు పదింట ఒక వంతు దిగింది. గాలి తోస్తూనే ఉంది.

"చాలదు" అన్నాడు తాత.

మూడు వంతులు దిగింది.

"ఇప్పుడు నా వేళ్లకు తగిలావు, అంతే. ఇంకా రా."

ఐదు వంతులు దిగేసరికి వేగం తగ్గింది. పైన ఎగురుతున్న పిట్ట ఒకటి "ఎంత పొట్టివైపోయావు పాపం" అంది. తళుకు కళ్లు మూసుకుని దిగింది. ఏడు వంతులు. ఎనిమిది. తొమ్మిది.

కొండ ఆగింది. గాలి బుగ్గలు పూరించి మరీ తోసింది. కదల్లేదు.

"ఆ మిగిలింది కూడా దించెయ్, గాలికి అసలు అందవు" అన్నాడు తాత.

"కుదరదు తాతా. పిల్ల ఎక్కడ పడుకుంటుంది?"

తాత కొండను రెండు చేతులా పట్టుకుని, గాలికి ఎదురుగా ఉత్తరానికి నడిచాడు.

కొన్ని వారాలకు బుడగ మొదటిసారి నీళ్లలోకి దూకింది. ఎంతసేపటికో పైకి తేలి, రొప్పుతూ చెప్పింది: "అమ్మా, మామయ్య కింద ఎంత ఉన్నాడనుకున్నావు? ఎంత ఈదినా అడుగు అందలేదు."

ఆ సంగతి చలి సముద్రమంతా పాకింది. మిగతా కొండలు కూడా ఒక్కొక్కటే లోపలికి దిగాయి. అప్పటినుంచే మంచుకొండ తొమ్మిది వంతులు నీళ్లలో దాగి, ఒక్క వంతే పైకి కనబడుతుంది. గాలి ఒకవైపు వీస్తున్నా, ఒక్కోసారి అది మరోవైపు నింపాదిగా పోతూ ఉంటుంది.