ఒడ్డు నీళ్ల సీసా

"మన నీళ్లలో ఎవడో ఉప్పు కలుపుతున్నాడు గురువుగారూ" అన్నాడు సత్తిరాజు, గొంతు తగ్గించి.

దావూద్ సాహెబు చేతిలో పని ఆపలేదు. కాకినాడకు దూరంగా, నడిసముద్రంలో ఉన్న గ్యాసు రిగ్గు అది. సముద్రపు నీళ్లు తోడి, ఉప్పు తీసి, అక్కడి మనుషులకు తాగునీళ్లు చేసే గదిని ఎన్నో ఏళ్లు ఆయనే చూశారు. ఈమధ్యే దాన్ని శిష్యుడికి అప్పజెప్పి వేరే పనికి మారారు.

"ఎవడు?"

"ఇంకెవడండీ, వంట యెర్రయ్య! నీళ్లు ఉప్పగా ఉన్నాయని అందరికీ ఎక్కిస్తున్నది వాడే. మొన్న ట్యాంకు పక్కనే ఉప్పు ప్యాకెట్టుతో కనబడ్డాడు."

వంటవాడి చేతిలో ఉప్పు ప్యాకెట్టు కాక మరేముంటుంది? అనుమానం పట్టినవాడికి ఆ మాట ఎవరు చెప్పగలరు! యెర్రయ్య దగ్గినా సత్తిరాజుకు సైగలాగే తోచేది. ట్యాంకు మూతకు దారం కట్టి చూశాడు, మహానుభావుడు. దారం తెగలేదు. ఉప్పు కొలిచే మీటరు పెట్టి చూశాడు. నీళ్లు శుభ్రంగానే ఉన్నాయి.

"చూశారా? నేను చూసేటప్పుడు కలపడు!" అన్నాడు.

అటు జనం ఆ నీళ్లు ముట్టడం మానేశారు. ఎండలో ఒళ్లు విరిగేలా పనిచేసి వచ్చి కూల్‌డ్రింకులతో నాలుక తడుపుకుంటున్నారు.

"మేనేజరుగారికి చెప్పేశానండి. మీరు ఔనంటే చాలు, రేపు వాణ్ణి పడవెక్కించేస్తారు."

ఇక్కణ్ణుంచి అలా వెళ్లినవాణ్ణి ఇంకో రిగ్గులో అడుగుపెట్టనివ్వరు. యెర్రయ్య బతుకు పోయినట్టే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"సరే, పద" అన్నారు సాహెబు.

భోజనాల గదిలో అందరూ ఉన్నారు. సాహెబు కుళాయి తిప్పి స్టీలు గ్లాసు నింపారు. ఆయన హయాంలో రోజూ పొద్దున్నే అదే పద్ధతి. మొదటి గ్లాసు అందరి ముందూ తను తాగి, ఆ తర్వాతే వంటగదికి నీళ్లు వదిలేవారు. మీటరుండగా ఈ తంతు ఎందుకని సత్తిరాజు మానేశాడు.

సాహెబు సగం తాగి, గ్లాసు శిష్యుడికి అందించారు.

సత్తిరాజు అందుకుని, ముందు వాసన చూశాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. యెర్రయ్య నవ్వలేదు. పాపం, అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేనేమీ కలపలేదు సత్తిరాజుగారూ. నీళ్లు చేసే మీరే ఒడ్డు నీళ్ల సీసా భుజానేసుకు తిరుగుతుంటే, మమ్మల్నేం అనుకోమంటారండీ?"

సత్తిరాజు చెయ్యి భుజం మీది సీసా దగ్గరకి పోయింది. ఎంతైనా సముద్రం నీళ్లు కదా అని, ఆ గది చేతికొచ్చినప్పటి నుంచీ ఒడ్డు నుంచి మంచినీళ్లు పడవలో తెప్పించుకుని అవే తాగుతున్నాడు.

"రేపు పడవ వస్తుంది" అన్నారు సాహెబు. "వెనక్కి పంపాల్సిందేదో నువ్వే తేల్చుకో."

సత్తిరాజు సీసా తీసి బల్ల మీద పెట్టాడు. గ్లాసులో మిగిలిన నీళ్లు చివరి చుక్క దాకా తాగాడు.

యెర్రయ్య కళ్లు తుడుచుకుని లేచాడు. అన్నం వండే గిన్నె తెచ్చి, ఆ కుళాయి కిందే పెట్టాడు.