సత్రం తూము

పూర్వం ఒక రాజుగారి సత్రంలో వంటింటి తూము మూసుకుపోయి మురుగు పొంగింది. సరిగ్గా అప్పుడే రాజు తనిఖీకి వచ్చాడు.

"అంట్లు తోమే ఈ చిట్టెక్క మెతుకులన్నీ ఇందులోకే తోస్తోంది ప్రభూ! దీన్ని పనిలోంచి తీసేస్తాను," అన్నాడు సత్రం అధికారి విస్సన్న.

చిట్టెక్క బెదరలేదు. కొంగు దోపుకుని, తూములో చెయ్యి పెట్టి తెల్లటి గడ్డ లాగింది. వేడినీళ్లు పోస్తే అది కరిగి తేలింది.

"మెతుకులు కావు ప్రభూ, నెయ్యి."

"బాటసారులకు నేను పంపే నెయ్యేగా!" అన్నాడు రాజు.

"వాళ్లు తినేది విస్తళ్లలో, చేతులు కడిగేది బావి దగ్గర. ఇక్కడ నేను కడిగే కంచం అధికారిగారిదొక్కటే."

విస్సన్న చేతులు వెనక్కి దాచుకున్నాడు.

చిట్టెక్క ఇంకో బిందెడు వేడినీళ్లు పోసింది. మురుగు గళగళా దిగిపోయింది.

"తూము నేను బాగుచేశాను. మళ్లీ పూడకుండా చూసే పని మాత్రం తమదే ప్రభూ!"