దివానుగారి మీసం, పోలయ్య పులి

పెదకొండ సంస్థానాన్ని ఏలే గోపరాజుగారికి మధ్యాహ్నం కునుకంటే ప్రాణం. దసరా నవరాత్రులు మొదలైన రోజే ఆ కునుకు కాస్తా డప్పు మోతకి ఎగిరిపోయింది. ఆయన కళ్ళు నులుముకుంటూ సభకి వచ్చి కూర్చున్నారు.

"ఆ మోత ఏమిటో ఇప్పుడే తేలాలి!"

"వేషాలు ప్రభూ!" అంటూ దివాను శరభయ్యగారు ముందుకొచ్చారు. "తూర్పు వీధి జనానికి ఏటా ఇదే పని. మొహాలకి రంగులు పూసుకోవడం, ఇంటింటికీ తిరిగి అడగడం. వెంటనే మానిపించాలి."

ఆయన కోపానికి అసలు కారణం వేరే ఉంది. ఆ పొద్దున్నే పోలయ్య పులివేషంతో ఆయన పల్లకీ ముందుకి ఒక్క గంతు వేశాడు. దివానుగారు "అమ్మోయ్!" అంటూ అవతలి పక్కకి దూకేశారు. తలపాగా ఒకచోట, ఆయన ఒకచోట. వీధంతా పడీపడీ నవ్వింది. ఆ దూకుడులో ఇంకోటి కూడా జారింది గానీ, దాన్ని పులి ఒక్కడే చూశాడు.

రాజుగారి పక్కన తమలపాకుల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ నాంచారికి గుండె గుభేలుమంది. పోలయ్య ఆమె తోడబుట్టిన తమ్ముడు. కిందటి వేసవిలో వాడి కూతురికి అమ్మవారు పోసి, ఇక దక్కదనుకున్నారు. పిల్ల లేచి తిరిగితే నవరాత్రులన్నాళ్ళూ పులివేషం కట్టి, గుమ్మం గుమ్మంలో అడిగిన బియ్యంతో తల్లికి నైవేద్యం పెడతానని వాడు మొక్కుకున్నాడు. పిల్ల లేచి గంతులేస్తోంది. ఇప్పుడు మొక్కు మధ్యలో ఆగిపోతే?

ఆ వీధి తీరు నాంచారికి బాగా తెలుసు. డప్పు వినగానే గడియ వేసుకుని, "ఇంట్లో ఎవరూ లేరు!" అని తనే కేకవేసే సుబ్బన్న. గుమ్మానికి కట్టే బూడిదగుమ్మడికి ఊరందర్నీ జడిపించే కోరలు గీసి, పొద్దుగూకితే తనే ఆ గుమ్మం దాటలేని అచ్చమ్మ. పులిని నిలబెట్టి, "ఏ గోత్రం నాయనా?" అని అడిగితే గానీ పిడికెడు బియ్యం వెయ్యని శాస్త్రులుగారు. ఏడాది పొడుగునా నీళ్ళ దగ్గర, గోడ దగ్గర కాట్లాడుకునే వాళ్ళందరూ ఈ తొమ్మిది రోజులే ఒకరి అరుగు మీద ఒకరు కూర్చుని నవ్వుకుంటారు. అమ్మవారికి ఆ నవ్వే ఇష్టమని నాంచారి నమ్మకం.

"సరే, రేపటినుంచి వేషాలు బంద్. ఇంతకీ ఎవణ్ణి వేషగాడనాలి?" అన్నారు రాజుగారు ఆవులిస్తూ.

ఒక్కడూ తప్పించుకోకూడదని దివానుగారు గొంతు సవరించుకుని తీరిగ్గా చెప్పారు.

"తనది కానిది ఒంటికి తగిలించుకుని, పరాయి గుమ్మంలో నిలబడి, నాలుగు తియ్యటి మాటలు చెప్పి చెయ్యి చాచేవాడెవడైనా వేషగాడే! ఆ తగిలించుకున్నది అక్కడికక్కడే ఊడదీయాలి."

"భేష్! మరి పట్టేదెవరు?"

నాంచారి పళ్ళెం దించి చేతులు జోడించింది. "ఆ పని నాకిప్పించండి ప్రభూ. వేషాల వీధిలో పుట్టి పెరిగినదాన్ని."

దివానుగారు నవ్వారు. "సొంత తమ్ముణ్ణే పట్టాలి, తెలుసుగా? ఒక్కణ్ణి వదిలినా కోటలో నీ కొలువు పోతుంది."

"ఒక్కణ్ణీ వదలను దివాన్‌గారూ. అమ్మవారి మీద ఒట్టు."

సాయంత్రం ఆమె తమ్ముడి ఇంటికి వెళ్ళేసరికి పోలయ్య పులితోక ఒళ్ళో పెట్టుకుని దిగాలుగా కూర్చుని ఉన్నాడు.

"దివానుగారు దూకినప్పుడు దగ్గరున్నది నువ్వేగా? ఏం చూశావురా?"

పోలయ్య అటూ ఇటూ చూసి అక్క చెవిలో చెప్పాడు.

మర్నాడు సభ తీరే వేళకి నాంచారి చేట పట్టుకుని రాజుగారి గద్దె దగ్గర నిలబడింది. మొదట ఠాణేదారు నరసప్ప జరీశాలువా కప్పుకుని వచ్చాడు. "ప్రభువులు చల్లగా ఉండాలి! ఆ చెరువు కింద పొలం నాకు..." అని చెయ్యి చాచాడో లేదో, చేట అడ్డం వచ్చింది.

"శాలువా మీ బావమరిదిది కదూ అన్నా? ఇందులో వెయ్యండి."

తర్వాత వచ్చిన కవిగారి కడియం మామగారిదని తేలింది. అదీ చేటలో పడింది. సభలో గుసగుసలు బయల్దేరాయి.

దివానుగారు మండిపడుతూ వచ్చారు. "ఏమిటీ ఆగడం? ఇంద్రుడూ చంద్రుడూ లాంటి మా ప్రభువుల సభలోనా! దీన్ని వెళ్ళగొట్టండి ప్రభూ. అలాగే నాకిస్తానన్న ఆ మామిడితోపు..." అంటూ చెయ్యి చాచారు.

"ఆగండాగండి," అంది నాంచారి మెత్తగా. "గుమ్మం పరాయిది. మాటలు తియ్యగానే ఉన్నాయి. చెయ్యి చాచారు. ఇక తమరిది కానిది..."

చప్పున మీసం పట్టుకుని లాగింది. అది ఊడి చేతిలోకి వచ్చింది.

"పాపం, ఏ మేకదో!"

సభంతా గొల్లుమంది. దివానుగారు పైపెదవిని అరచేత్తో మూసుకుని అరిచారు. "ఒక్కణ్ణీ వదలనని ఒట్టేశావుగా! ప్రభువుల కిరీటం వాళ్ళ తాతగారిది. దాన్నీ ఊడదీస్తావా?"

నవ్వులు టక్కున ఆగిపోయాయి. రాజుగారి కనుబొమలు ముడిపడ్డాయి.

నాంచారి తల వంచి అంది.

"ఇక్కడ ప్రభువులు ఇచ్చేవారే గానీ చెయ్యి చాచేవారు కాదు. దశమినాడు అమ్మవారి గుమ్మంలో తీర్థానికి చెయ్యి చాచుతారు చూడండి, ఆ గుమ్మంలో మా పోలయ్యా, ప్రభువులూ, నేనూ అందరం వేషగాళ్ళమే. ఆ తల్లి మాత్రం ఎవరి రంగూ కడగమనకుండానే పెడుతుంది."

రాజుగారు కిరీటం ఒకసారి తడుముకున్నారు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు.

"ఉత్తర్వు రద్దు! ఎవరివి వాళ్ళకిచ్చెయ్యి. నీకేం కావాలో కోరుకో నాంచారీ."

నాంచారి చేతిలోని మీసం వైపు చూసింది. "మా పులికి ఈ ఏడు మీసం సరిగ్గా కుదరలేదు ప్రభూ. ఇది ఇప్పించండి."

"ఇచ్చాం! పులికి బంగారు కడియం కూడా ఇచ్చాం. ఇవాళ కోట గుమ్మంలో మొదటి దోసెడు బియ్యం మాత్రం మన దివానుగారే పొయ్యాలి!"

ఉత్తర్వు రద్దయిన కబురు గుమ్మం దాటిందో లేదో బయట డప్పు మోగింది. దివానుగారు ఉలిక్కిపడి ఒక్క గంతు వేశారు. ఈసారి జారడానికేమీ మిగల్లేదు.