చిలుక పేరు చెప్పలేని బొమ్మ

వెనకటికి ఒక రాజుండేవాడు పిల్లలూ. ఆయన ఒక్కగానొక్క కొడుకు విజయకేతుణ్ణి ఏడు సముద్రాల అవతలి మాయావి కరాళుడు ఎత్తుకుపోయి, తన కోటగోడ మీద బొమ్మగా మార్చేశాడు. రోజుకింత రంగు వెలిసిపోతోంది. పూర్తిగా వెలిసిందా, ఇక రాజకుమారుడు లేడు.

మాయావి పందెం కాశాడు. "మూడు రోజులు, మూడు బొమ్మలు. నా చిలుక చూసి అదేమిటో పేరు చెప్పలేని బొమ్మ ఒక్కటి వేస్తే వాణ్ణి వదిలేస్తాను. లేదా, వేయవచ్చినవాళ్లు రాళ్లు." వాడి ప్రాణం ఆ చిలుకలోనే ఉందని లోకమంతా ఎరుగును.

చిత్రకారుల ఇంటి అన్నదమ్ములిద్దరు వెళ్లారు. ఆ ఇంటి పద్ధతేమిటంటే, తాతలనాటి చిల్లుల కాగితం గుడ్డ మీద పరిచి, బొగ్గుపొడి మూటతో తట్టి, పడిన చుక్కలు కలపడం. పెద్దవాడు పొడి తట్టాడో లేదో "హంస" అంది చిలుక. రెండోవాడు కాగితం విప్పుతుండగానే "ఐరావతం" అంది. మూడేసి రోజుల్లో ఇద్దరూ రాళ్లయ్యారు.

చెల్లెలు నీలాలు బయల్దేరింది.

"నువ్వా? రంగులు ఒలకబోసుకుని ఆడుకునేదానివి" అన్నాడు తండ్రి.

"ఆడుకున్నాను కనకే వెళ్తున్నాను నాన్నా. ఆ కాగితాలు మీరే దాచుకోండి."

ఒక తాబేలు ఆమెను వీపున మోసి ఏడు సముద్రాలూ దాటించింది.

మొదటి రోజు నీలాలుకు భయం వేసింది. చెయ్యి అలవాటుగా తామర వేసింది. "తామర" అంది చిలుక. ఆమె మోకాళ్ల దాకా రాయి అయింది. రెండో రోజు బోలు గడ్డిపుల్లతో రంగు ఊదింది గాని, చివర్లో ఆగలేక తోక గీసి నెమలిని చేసింది. "నెమలి" అంది చిలుక. నడుం దాకా రాయి.

"ఇక పోదామా అమ్మడూ?" అంది తాబేలు.

"చేతులున్నాయిగా" అంది నీలాలు.

మూడో రోజు రంగుల్లో తుమ్మజిగురు దోసెడు పోసింది. తడిగుడ్డ మీద గుమ్మరించింది. పిడికిలితో కొట్టింది, వేళ్లతో లాగింది.

"తాబేలు మామా, దీని మీద నడువు."

"నడిస్తే ఏమవుతుంది?"

"నాకేం తెలుసు? నడిస్తే చూద్దాం."

తాబేలు నడిచింది. చిలుక మెడ సాచింది. "మబ్బు... కాదు. మంట... కాదు. పులి..." దగ్గరగా చూద్దామని ఎగిరొచ్చి గుడ్డ మీద వాలింది. కాళ్లు జిగురులో అంటుకుపోయాయి.

"పేరు చెప్పవే" అని అరిచాడు మాయావి.

"తెలియదు" అంది చిలుక.

"ఇది బొమ్మే కాదు, పిచ్చిగీతలు" అంటూ వాడు మంత్రదండం ఎత్తాడు. నీలాలు వంగి చిలుకను పట్టుకుని మెడ విరిచేసింది. మాయావి నిలువునా కూలాడు. గోడలోంచి రాజకుమారుడు దిగాడు, రాళ్లు అన్నలయ్యాయి, నీలాలు కాళ్లు కదిలాయి.

"ఏం బొమ్మ వేశావు?" అడిగాడు విజయకేతుడు.

"పేరు పెట్టలేదు. నిన్ను దించాలనుకున్నాను, దించాను."

ఇద్దరికీ పెళ్లయింది. అరవై ఏళ్లు చల్లగా రాజ్యమేలారు. వారానికొక రోజు చిత్రకారుల పిల్లలు ఇష్టమొచ్చినట్టు రంగులు ఒలకబోసుకోవాలని రాణిగారి ఆజ్ఞ.

"గుడ్డలు పాడవుతున్నాయి మహారాణీ" అని పెద్దలు గొణిగితే ఆమె ఒకటే అనేది: "కానివ్వండి. ఇంకో గుడ్డ పరవండి."