రంగు పట్టని చోటు

హైమ ముంచిన రెండు తలలూ పాడయ్యాయి. ఇక ఒక్కటే మిగిలింది.

తలలంటే కంగారు పడకండి, బొమ్మల తలలు. ఒక్కోటీ పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. విశాఖపట్నంలో ఎబినేజరు మాస్టారి మేడమీద గదిలో జరిగే పని అది. కంపెనీ బొమ్మని కొని, తల ఊడదీసి, జుట్టు మార్చి, కళ్ళు కొత్తగా దిద్ది, కొత్త బట్టలు కుట్టి, ఎవరు ఏ వీరుణ్ణి అడిగితే ఆ వీరుణ్ణి చేసి ఇస్తారు.

వినైల్ ప్లాస్టిక్ తల మీద పెయింటు వేస్తే కొన్నాళ్ళకి పెచ్చులూడుతుంది. అందుకని మాస్టారు తలని వేడి రంగునీళ్ళలో ముంచుతారు. రంగు లోపలికి ఇంకిపోతుంది. ఇంకిన రంగుని ఇంకా ముదురు చెయ్యొచ్చు గానీ, ముదిరినదాన్ని వెనక్కి తేవడం ఎవరి తరమూ కాదు.

హైమ ఆయన దగ్గర చేరి రెండేళ్ళయింది. కళ్ళు దిద్దడంలో ఇప్పుడు మాస్టారికే పోటీ. ఆ సంగతి ఆమెకి తెలుసు, గదిలోకి వచ్చినవాళ్ళకి కూడా తెలిసేలా చేస్తుంది. ఎర్రన్న బొమ్మ మొత్తం తనకే వదిలెయ్యమని అడిగి మరీ తీసుకుంది.

ఎర్రన్న బీచ్‌లో మునిగిపోయేవాళ్ళని పైకి లాగే గజ ఈతగాడు. నిరుడు అల లాక్కుపోయిన పసివాణ్ణి ఈడ్చుకొచ్చి తల్లి ఒళ్ళో వేశాడు. ఆ తల్లి పేరు శ్యామల. ఈ ఆదివారం ఎర్రన్న ఉద్యోగం నుంచి రిటైరవుతున్నాడు. ఆయన బొమ్మనే ఆయనకి కానుకగా ఇవ్వాలని, అదీ సినిమా హీరోలకి చేసినంత వైభవంగా చేయించాలని ఆవిడ కోరిక. అంత వెడల్పు నుదురూ, అంత గట్టి దవడా ఉన్న తల ఒక్క పాత బొమ్మకే ఉంది. దాన్ని చెయ్యడం కంపెనీ ఎప్పుడో మానేసింది. మాస్టారు ఎక్కడెక్కడో వెతికించి మూడు తెప్పించారు.

ముంచిన రెండూ ఒకే తీరున చెడ్డాయి. మొహమంతా చక్కగా రంగు పట్టింది. ఎడమ చెంప మీద ఒకచోట, కుడి చెవి కింద ఒకచోట మాత్రం పాలిపోయిన మచ్చలు మిగిలిపోయాయి.

హైమ రంగుపొడిని తిట్టింది. కుళాయి నీళ్ళని తిట్టి మినరల్ వాటర్ క్యాను తెప్పించింది. ఆఖరికి వినైలే నాసిరకం అంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వ్యవహారం. తిట్టడానికి ఇక ఏమీ మిగల్లేదు.

శనివారం పొద్దున్న మాస్టారి ముందు కూర్చుంది.

"ఈ తల మీరే ముంచీయండి మాస్టారూ. నావల్ల కాదు." మిగిలిన తలని ఆయన ముందు పెట్టింది. "ఇది కూడా పోతే శ్యామలగారికి ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

మాస్టారు పాడైన తల ఒకటి తీసి ఆమెకిచ్చారు.

"ముంచేముందు ఎలా పట్టుకుంటావో, అలా పట్టుకో."

పట్టుకుంది. బొటనవేలు ఎడమ చెంప మీద పడింది. చూపుడువేలు చెవి కిందికి వెళ్ళింది. మచ్చలు రెండూ వేళ్ళ కింద మాయమయ్యాయి.

హైమ వేలు తీసి చూసింది. మళ్ళీ పెట్టి చూసింది.

"సబ్బుతో కడిగేను మాస్టారూ. బాగా రుద్ది కడిగేను."

"కడిగాక?"

"జిడ్డు పోయిందో లేదోనని తడిమి చూసేను."

"ముంచాక?"

"మధ్యమధ్యలో తీసి చూసేను. మరీ నల్లగా అయిపోతే వెనక్కి రాదు కదా, భయమేసింది. రంగు పడుతోందా లేదా అని వేలితో..." వేలి జిడ్డు అంటినచోట రంగు ఇంకదని అప్పుడు తట్టింది.

మాస్టారికి ఈ సంగతి మొదటి తలప్పుడే తెలుసని నా అనుమానం. అడిగితే ఆయన చెప్పరు.

ఆయన లేచి స్టవ్ మీద గిన్నె పెట్టారు. మూడో తలకి మెడ కన్నంలో పుల్ల గుచ్చి, ఆ పుల్ల పట్టుకునే పాత టూత్‌బ్రష్షుతో రుద్ది కడగమన్నారు. కడిగిన తలని హైమే రంగునీళ్ళలోకి దింపింది. పుల్ల గిన్నె అంచుకి ఆనుకుని నిలబడింది.

అప్పుడు మాస్టారు లోపలినుంచి గోంగూర కట్టలు తెచ్చి ఆమె ముందు పడేశారు.

"అమ్మగారు పచ్చడి చేస్తారట. ఆకు దూసి పెట్టు."

"ఏటి మాస్టారూ, ఇప్పుడా?"

"ఇప్పుడే."

ఆయన వేరే బొమ్మకి చొక్కా కుడుతూ కూర్చున్నారు. హైమ ఆకు దూస్తోంది గానీ ప్రాణమంతా గిన్నెలోనే ఉంది. ఆకు కింద పడేసి కాడలు పళ్ళెంలో వేసింది. చూసుకుని, నాలిక కరుచుకుని, మళ్ళీ ఏరింది. ఇక ఉండలేకపోయింది.

"మాస్టారూ, ఒక్కసారి చూడొద్దా?"

"చూడు."

గబుక్కున లేచి పుల్ల కోసం చెయ్యి చాచింది.

"కళ్ళతో చూడమన్నాను."

చెయ్యి వెనక్కి తీసుకుని హైమ గిన్నె మీదికి వంగింది. తల నీళ్ళలో మెల్లగా రంగు తాగుతోంది. మొదట తేనెరంగు. కాసేపటికి బెల్లం. ఆపైన కొత్త చింతపండు. రెండు తలలు ముంచింది గానీ, ఒక రంగులోంచి ఇంకో రంగు రావడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ భయమే చూసింది. బీచ్‌లో మిట్టమధ్యాహ్నం ఎండలో దూరంనుంచి చూసొచ్చిన ఎర్రన్న మొహాన్ని గుర్తుచేసుకుంది. కొత్త చింతపండు రంగు పాత చింతపండుకి తిరుగుతోంది.

"ఇప్పుడు తియ్యాలి మాస్టారూ," అంది. ఈసారి అడగలేదు, చెప్పింది.

"తియ్యి మరి."

పుల్ల పట్టుకుని పైకెత్తింది. ఎక్కడా మచ్చ లేదు. ఆ రాత్రికి రాత్రే జుట్టు పెట్టి, కళ్ళు దిద్ది, ముందే సిద్ధం చేసి ఉంచిన ఒంటికి తగిలించింది.

ఆదివారం సాయంత్రం ఇసుకలో కుర్చీలు వేశారు, దండలు వేశారు, మైకులో మాట్లాడారు. అంతా అయ్యాక శ్యామల పెట్టె తెచ్చి ఎర్రన్న చేతిలో పెట్టింది. ఆయన మూత తీసి, బొమ్మని బయటికి తీసి, అరచేతిలో నిలబెట్టుకున్నాడు.

ఏమీ అనలేదు. అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉన్నాడు.

హైమ మెడ సాచి ఎర్రన్న మొహంలోకి చూసింది. నచ్చలేదా? మరీ నల్లగా చేసేసిందా? బాగుందాండీ అన్న మాట నాలిక చివరదాకా వచ్చింది. పక్కనున్న మాస్టారి వైపు చూసింది. ఆయన అలల్ని చూస్తూ నిలబడ్డారు, ఈ గొడవతో తనకేం సంబంధం లేనట్టు.

హైమ ఆ మాట మింగేసింది. తను కూడా సముద్రంకేసి తిరిగింది.

వెనకనుంచి ఎర్రన్న భార్యని పిలవడం వినిపించింది.

"ఓలే, ఇలా రా. సూడు. ఫొటో తీసినోలందరూ నన్ను తెల్లగా సేసీసేవోలు. ఈలు నన్ను నాలాగే ఒగ్గీసినారే."

హైమకి కళ్ళు నిండిపోయాయి. వెనక్కి తిరగకుండా అలాగే నిలబడింది.